పుస్తకదానమా, పుస్తక విక్రయమా?

(మన విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షికోత్సవ సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. పలువురు కోరినందున ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. – సంపాదకవర్గం)



ఆధ్యాత్మిక గ్రంథాలు ప్రచురించేవాళ్ళు ఎలక్ట్రానిక్ పుస్తకాలను ఉచితంగా ఇవ్వాలా, వెల కట్టి అమ్మాలా అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను, కంప్యూటర్ చదువు చదివినవాణ్ణీ కాను. ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో బుకింగ్ ఆఫీసులోనూ, పార్సిల్ ఆఫీసులోనూ పనిచేసినవాణ్ణి. ఆ ఉద్యోగం నాకు ఒక సంగతి బాగా నేర్పింది. చార్జీ ఎవరో ఒకరు కట్టకుండా ఏ మూటా కదలదు. మన రైల్వేవాళ్ళకు ఫ్రీ పాసు ఉంటుంది. పాసు ఫ్రీ అయినంత మాత్రాన రైలు ఫ్రీగా నడవదు గదా! డ్రైవరుకు జీతం, ఇంజనుకు డీజిలో కరెంటో, పట్టాలకు మరమ్మతు, ఇవన్నీ ఎవరో ఒకరు భరిస్తేనే మన పాసు చెల్లుతుంది. పుస్తకం సంగతి కూడా అంతే అని నా మనవి.

ఇది ఎక్కడో ఢిల్లీలోనో హైదరాబాదులోనో తేలవలసిన విషయమని మీరు అనుకోవచ్చు. కాదు. ఈ సాయంత్రం మన సర్వసభ్య సమావేశంలో మనమే చేతులెత్తి తేల్చవలసిన విషయం ఇది. కాబట్టి ముందు మన ఇంటి సంగతి చెప్పి, తర్వాత ఊళ్ళ సంగతి చెబుతాను.

మన పుస్తకం కథ

1998లో మన సంఘం ఒక చిన్న భజన పాటల పుస్తకం వేసింది. మీలో చాలామంది ఇళ్ళలో దేవుడి గూట్లో ఉండే ఉంటుంది. కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి గుడికి శ్రావణ మాసంలో గుంతకల్లు నుంచి నడిచిపోయేటప్పుడు మన పెద్దవాళ్ళు పాడుకొనే పాటలను మన తోటి సభ్యుడొకాయన రెండేళ్ళు తిరిగి సేకరించాడు. పల్లెలకు సైకిల్ మీద పోయి, ముసలివాళ్ళ దగ్గర కూర్చొని రాసుకున్నాడు. దానికి తాను స్వయంగా కట్టిన పద్దెనిమిది పాటలు చేర్చాడు. వెయ్యి ప్రతులు అచ్చు వేయించాం. వెల పది రూపాయలు పెట్టాం. ఆయన ఒక్క పైసా తీసుకోలేదు. ఆయన 2011లో స్వామి పాదాలు చేరుకున్నాడు.

నాలుగేళ్ళ కిందట ఎవరో పుణ్యాత్ములు ఆ పుస్తకాన్ని ఫోనుతో ఫోటోలు తీసి, పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో వదిలారు. చేసినవాళ్ళది చెడు ఉద్దేశం కాదు, భక్తే. అది గుత్తి పోయింది, ఆదోని పోయింది, బళ్ళారి పోయింది. నాకే మూడు వైపుల నుంచి వచ్చింది. తెరిచి చూస్తే మొదటి రెండు పేజీలు లేవు. ఆయన పేరు, ముందుమాట, సహాయం చేసిన పల్లెవాళ్ళ పేర్లు ఏవీ లేవు. నడుమ నాలుగు పేజీలు తలకిందులు. ఒకచోట వేలు అడ్డం పడి చరణం సగం కనిపించదు.

ఒక రోజు ఆ మిత్రుడి భార్య నాకు ఫోన్ చేసింది. ఆమె ఈనాడు ఈ సభలో ఉంది, ఆమె అనుమతితోనే చెబుతున్నాను. "అన్నా, దుడ్డు కోసం నేను అడగడంల్యా. ఆయన పేరు కూడా తీసేసినారే, అది అడుగుతాండా" అనింది. నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆనాటి నుంచి ఈ ఉచితం, వెల అనే మాటల గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. ఉచితంగా ఇచ్చినవాళ్ళు దానం చేశామని సంతోషించారు. కానీ ఎవరి సొత్తును దానం చేశారు? ఎవరిని అడిగి చేశారు?

పెద్దలు ఏం చేశారు

మన పురాణాలు పుస్తకదానాన్ని గొప్ప దానాల్లో ఒకటిగా చెప్పాయి. అందుకే ఆధ్యాత్మిక పుస్తకానికి వెల కట్టడం పాపమని కొందరు మిత్రులు వాదిస్తారు. నాకూ ఆ మాట మీద గౌరవం ఉంది. కానీ అచ్చు లేని ఆ కాలంలో పుస్తకదానం ఎలా జరిగేదో ఒకసారి ఊహించండి. దాత ఒక లేఖకుణ్ణి పిలిపించి, తాటాకులు తెప్పించి, అతనికి భోజనం, భృతి, బట్టలు ఇచ్చి గ్రంథం రాయించేవాడు. రాసిన గ్రంథాన్ని చదువుకొనేవాడికి ఇచ్చేవాడు. చదివేవాడి చేతికి అది ఉచితం. రాసినవాడి కష్టం ఉచితం కాదు. నడుమ నిలబడి ఖర్చు భరించినవాడు దాత. ఈ ముగ్గురూ ఉంటేనే అది దానం. దాతను తీసేసి లేఖకుడి కడుపు కొట్టి పంచితే దాన్ని దానమనరు.

మన సీమలోనే మరొక దృష్టాంతం చూడండి. వేమన పద్యాలు జనం నోళ్ళలో ఉన్నంతకాలం ఎవరికీ ఖర్చు లేదు. కానీ వాటిని వెదికి, ప్రతులు పోల్చి, 1829లో మద్రాసులో పుస్తకంగా తెచ్చిన సి.పి.బ్రౌను దొరకు ఖర్చయింది. ఆయన కడపలో బంగళా కొని, పండితులను, లేఖకులను తన సొంత డబ్బుతో జీతానికి పెట్టుకొని తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. ఆ జీతాలు ఇవ్వకపోతే ఈనాడు మనకు దక్కిన గ్రంథాల్లో ఎన్నో చెదలపాలై ఉండేవి.

అన్నమయ్య సంకీర్తనల సంగతీ అటువంటిదే. అన్నమయ్య 1503లో పరమపదించాడు. ఆ పాటల మీద ఈనాడు ఎవరికీ హక్కు లేదు, అవి అందరివీ. కానీ రాగిరేకుల మీది పాటను మన చేతికి అందే పాటగా చేయడానికి ఎందరు పండితులు కళ్ళు పోగొట్టుకున్నారో! వారిలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మన అనంతపురం జిల్లావారే. 1893లో కంబదూరు దగ్గరి రాళ్ళపల్లిలో పుట్టి, సాహిత్యం, సంగీతం రెండూ తెలిసిన మహానుభావులై, తిరుమల తిరుపతి దేవస్థానం తరఫున ఆ సంకీర్తనలను పరిష్కరించారు, ఎన్నింటికో స్వరాలు కూర్చారు. దేవస్థానం ఆ శ్రమను పోషించింది కాబట్టి మనం ఈ రోజు పాడుకుంటున్నాం. అంటే భగవంతుడి మాటకు వెల లేదు, దాన్ని తప్పులేకుండా మన ముందుకు తెచ్చినవాడి శ్రమకు ఖర్చు ఉంది. ఈ రెంటినీ కలగాపులగం చేయడం వల్లనే వాదం ముదురుతున్నదని నా అభిప్రాయం.

అమ్మినవాళ్ళు తప్పు చేశారా?

ఇక వెలకు అమ్మినవాళ్ళ మాట. వావిళ్ళవారు 1854లో మద్రాసులో మొదలుపెట్టి సంస్కృతాంధ్ర గ్రంథాలను అచ్చు వేశారు. రాజమండ్రిలో గొల్లపూడి వీరాస్వామి సన్ వారి స్తోత్రాలు, వ్రతకల్పాలు, పంచాంగాలు లేని తెలుగు ఇల్లు అరుదు. వీళ్ళకు హుండీలు లేవు. పుస్తకం అమ్ముడుపోతేనే మరో పుస్తకం వేయగలిగేవారు. వీళ్ళు దైవాన్ని అమ్ముకున్నారని అనగలమా? మా నాయన పెళ్ళినాటి నుంచి మా ఇంట్లో ఉన్న పాత రామాయణం అట్టలు ఊడినా, అందులో అచ్చుతప్పు వెదికితే దొరకడం కష్టం.

గోరఖ్‌పూర్ గీతాప్రెస్‌వారిది మరొక దారి. 1923లో ఆ సంస్థ పుట్టడానికి కారణమే తప్పులు లేని గీత కావాలనే పట్టుదల. వాళ్ళు పుస్తకాన్ని ఉచితంగా ఇవ్వలేదు, లాభానికీ అమ్మలేదు. పేదవాడు జేబులోంచి తీసి ఇవ్వగలిగినంత వెల పెట్టారు. ప్రకటనలు తీసుకోకుండా, విరాళాలు అడగకుండా, తక్కువ పడినదాన్ని తమ ఇతర వ్యాపార విభాగాల మిగులుతో సర్దుకుంటూ వచ్చారు. 2021 సంవత్సరపు గాంధీ శాంతి బహుమతి వాళ్ళకు ప్రకటించినప్పుడు గౌరవాన్ని స్వీకరించి, కోటి రూపాయల నగదు వద్దన్నారు. రైల్వే స్టేషన్లలో వాళ్ళ స్టాళ్ళు చూసినవాళ్ళం మనం. రైలు ఆగిన అయిదు నిమిషాల్లో దిగి, చిల్లర లెక్కపెట్టి గీత కొనుక్కొని మళ్ళీ పెట్టె ఎక్కిన ప్రయాణికులను నేను కళ్ళారా చూశాను. వెల వాళ్ళను ఆపలేదు.

మరి అలాగే ఎలక్ట్రానిక్ పుస్తకానికీ పది, ఇరవై రూపాయల వెల పెడితే సరిపోదా అని మీరు అడగవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. తర్వాత అనుభవం మీద మనసు మార్చుకున్నాను. రెండేళ్ళ కిందట ఒక స్తోత్ర సంపుటి ఎలక్ట్రానిక్ ప్రతి కొందామని ప్రయత్నించాను. ఆ ప్రచురణకర్త పేరు ఎందుకులెండి. వెల ఇరవై రూపాయలే. ముందు నా పేరు, ఈమెయిలు అడిగింది. తర్వాత పాస్‌వర్డ్ పెట్టమంది. తర్వాత యూపీఐ అంది. తర్వాత ఓటీపీ అంది. ఓటీపీ వచ్చేసరికి కళ్ళద్దాలు కనపడలేదు, అద్దాలు దొరికేసరికి టైము అయిపోయింది. బెంగుళూరులో ఉన్న మా మనవరాలికి ఫోన్ చేస్తే, "తాతయ్యా, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని నువ్వే కదా చెప్పావు" అంది! చివరికి కొన్నాను. ఆరు నెలలకు ఫోను పాడైంది. కొత్త ఫోనులో ఆ పుస్తకం తెరుచుకోలేదు. డబ్బు కట్టాను గానీ పుస్తకం నాది కాలేదు. మా నాయన రామాయణం నూరేళ్ళకు దగ్గర పడుతోంది, ఇంకా నాదే.

ఇది నా ఒక్కడి చేతకానితనం కాదు. 2009 జూలైలో అమెరికాలో అమెజాన్ సంస్థ, హక్కులు లేనివాళ్ళు అమ్మిన పుస్తకాలన్న కారణంతో, జార్జ్ ఆర్వెల్ నవలలు రెంటిని కొనుక్కున్నవాళ్ళ కిండిల్ పరికరాల్లోంచే తీసేసింది. డబ్బు వాపసు ఇచ్చింది, తర్వాత క్షమాపణ కూడా చెప్పింది. కానీ అమ్మిన పుస్తకాన్ని అమ్మినవాడు రాత్రికి రాత్రి మన అల్మరాలోంచి తీసుకుపోవచ్చని లోకానికి తెలిసింది. పన్ను విషయం కూడా చూడండి. అచ్చు పుస్తకం మీద జి.ఎస్.టి. లేదు. ఎలక్ట్రానిక్ పుస్తకం మీద 18 శాతం ఉండగా, 2018 జూలైలో అచ్చు ప్రతి కూడా ఉన్న పుస్తకాలకు దాన్ని 5 శాతానికి తగ్గించారు. తగ్గినా, కాగితం మీద లేని పన్ను తెర మీద ఉంది.

కాబట్టి అడ్డం వచ్చేది ఇరవై రూపాయలు కాదు, ఆ ఇరవై రూపాయలు కట్టే తతంగం. స్టేషన్‌లో గీత కొన్న కూలివాడికి చిల్లర చాలింది. ఈనాడు అదే మనిషికి బ్యాంకు ఖాతా, ఫోను, ఇంగ్లీషు అక్షరాలు, ఇవన్నీ ఉంటే గానీ ఇరవై రూపాయల పుస్తకం రాదు. అచ్చు పుస్తకానికి వెల పెడితే పేదవాడు చేరగలడు. ఎలక్ట్రానిక్ పుస్తకానికి వెల పెడితే చిన్న వెల కూడా పెద్ద గోడ అవుతుంది. ముఖ్యంగా మన వయసువాళ్ళకు.

ఉచితం అంటే దిక్కులేనిది కాకూడదు

అయితే ఉచితమనగానే అంతా బాగుంటుందని కూడా కాదు. మన పొరుగున చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్న రాజ్‌రెడ్డిగారు పదిలక్షల పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించాలని సంకల్పించారు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, మరెన్నో సంస్థలు చేయి కలిపాయి. 2000 దశకంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో పాత తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. ఎన్నడో చూసి మరిచిపోయిన పుస్తకాలను మళ్ళీ చూసి కళ్ళు చెమర్చినవాళ్ళలో నేనొకణ్ణి. కానీ తర్వాత హక్కుల తకరారులు వచ్చాయి, నిర్వహణ కుంటుపడింది, 2017 నాటికి ఆ సైటు తెరుచుకోవడం మానేసింది. ముందుచూపు గలవాళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులు దాచారు కాబట్టి అవి దక్కాయి. ఉచితమైన పుస్తకానికి కూడా కాపలా కాసే మనిషి కావాలి, ఆ మనిషికి కూలి కావాలి అనడానికి ఇంతకంటే నిదర్శనం ఏముంది?

హక్కుల చట్టం గురించి కూడా ఒక్క మాట. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం, దానికి 1992లో చేసిన సవరణ ప్రకారం, రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళ వరకు ఆయన రచన మీద హక్కు వారసులకు ఉంటుంది. పోతన పద్యం అందరిదీ. కానీ దానికి నిన్న మొన్న ఒక పండితుడు రాసిన తాత్పర్యం అందరిదీ కాదు. మనం రోజూ పొద్దున్నే "శుభోదయం"తో పాటు ముందుకు తోస్తున్న పీడీఎఫ్‌లలో సగం ఇలాంటివే. నన్ను మన్నించండి, నేనూ తోసినవాణ్ణే. అటు పుస్తకాలమ్ముకొని బతికే చిన్న ప్రచురణకర్త దుకాణం మూసుకుంటాడు, ఇటు మనం పుణ్యం వచ్చిందనుకుంటాం. మన మిత్రుడు 2011లో పోయాడు గనుక ఆయన పద్దెనిమిది పాటల మీద హక్కు 2071 చివరి దాకా ఆయన కుటుంబానిది. పల్లెవాళ్ళ పాటలు అందరివీ, ఆ పద్దెనిమిది మాత్రం ఆ తల్లి ఇస్తేనే మనవి.

దాత ఎక్కడున్నాడు?

ఇంతకీ ఉచితమా, వెలా? తిరుమలలో భోజనం చేసిన ప్రతి ఒక్కరికీ సమాధానం తెలుసు. అక్కడ 1985లో నిత్యాన్నదాన పథకం మొదలైంది. దాతలిచ్చిన సొమ్మును బ్యాంకులో వేసి, దాని మీద వచ్చే వడ్డీతో అన్నం పెట్టే ఏర్పాటు అది. 2011లో కట్టిన పెద్ద అన్నప్రసాద భవనానికి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. ఆ తల్లి గ్రంథాలు రాసిన కవయిత్రి, కొండ మీద అన్నం పెట్టిన అన్నదాత కూడా. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి ఎవరూ డబ్బు అడగరు. వంటవాడి జీతం ఎవరూ ఎగ్గొట్టరు. దాత ముందే వచ్చి పోయాడు. అదే కొండ మీద 2020 జనవరి నుంచి దర్శనం చేసుకున్న ప్రతివారికీ ఒక లడ్డు ఉచితం, ఇంకా కావాలంటే యాభై రూపాయలు. ప్రసాదం అందరికీ దక్కింది, ఇంటికి మోసుకుపోయేదానికి వెల ఉంది. దీన్ని ఎవరూ తప్పు పట్టడం లేదు.

ఎలక్ట్రానిక్ పుస్తకం ఆ చిన్న లడ్డు లాంటిది. అచ్చు పుస్తకం ఇంటికి మోసుకుపోయే లడ్డు. దేవస్థానంవారు తమ ప్రచురణలను ఎన్నింటినో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు, అచ్చు ప్రతులను వెలకు అమ్ముతూనే ఉన్నారు. మన పక్కనే పుట్టపర్తిలో సత్యసాయి సంస్థ ప్రచురణ విభాగంవారు ఉపన్యాస సంపుటాలను చదువుకోవడానికి ఇంటర్నెట్‌లో ఉంచారు, పుస్తకాలనూ అమ్ముతారు. పాండిచ్చేరి అరవిందాశ్రమంవారు శ్రీ అరవిందుల సమగ్ర రచనలను అలాగే అందుబాటులో పెట్టారు. పోతన భాగవతాన్ని పద్యం పద్యానికీ తెలుగు లిపిలో ఎక్కించి, అర్థాలతో సహా తెలుగుభాగవతం పేరుతో ఇంటర్నెట్‌లో ఉచితంగా అందించారు. ఆ పని తలకెత్తుకొన్నది మనలాగే ఉద్యోగ విరమణ చేసిన ఒక ఇంజనీరు. పెన్షను తీసుకుంటూ ఏం చేయగలమని కూర్చున్న మనకు అది కనువిప్పు కావాలి.

హుండీ ఉన్న సంస్థ, భూములున్న మఠం, దాతలున్న ఆశ్రమం ఎలక్ట్రానిక్ పుస్తకానికి వెల పెట్టకూడదు. వాళ్ళ దాత ముందే ఇచ్చాడు, మళ్ళీ చదివేవాడి దగ్గర వసూలు చేస్తే అది రెండుసార్లు చార్జీ వసూలు చేయడమే. పార్సిల్ ఆఫీసులో అలా చేస్తే మాకు చార్జిషీటు ఇచ్చేవారు. హుండీ లేని చిన్న ప్రచురణకర్త వెల పెడితే మనం నోరు మూసుకొని కట్టాలి. కట్టలేకపోతే అచ్చు పుస్తకం కొనాలి. అంతేగాని దొంగ ప్రతి పంచకూడదు. అతని పుస్తకం అందరికీ ఉచితంగా అందాలని కోరిక ఉంటే, నలుగురం కలిసి అతని శ్రమకు తగిన సొమ్ము ముందుగా ఇచ్చి, అప్పుడు ఉచితం చేయమని అడగాలి. పుస్తకదానమంటే అదే.

ఊరికే వచ్చినదానికి విలువ ఉండదని కొందరు పెద్దలు అంటారు. అందులో నిజం లేకపోలేదు. నా ఫోనులో నూట నలభై పుస్తకాలున్నాయి. చదివినవి మూడో నాలుగో. కానీ మిత్రులారా, మా అమ్మకు హనుమాన్ చాలీసా ఎవరూ అమ్మలేదు. పక్కింటామె నేర్పింది. ఆమె చివరి రోజు దాకా దాన్ని మరవలేదు. విలువ వెల వల్ల రాదు, ఇచ్చినవాళ్ళ ముఖం గుర్తుండడం వల్ల వస్తుంది. అందుకే ఆ మొదటి రెండు పేజీలు చిరిగిపోవడం నన్ను అంతగా బాధించింది.

మన తీర్మానం

ఇక సాయంత్రం సమావేశం ముందు నేను ఉంచబోయే ప్రతిపాదన ఇది. మన భజన పుస్తకాన్ని ఎలక్ట్రానిక్ పుస్తకంగా తెద్దాం, ఉచితంగానే ఇద్దాం. కానీ అయిదు పనులు చేశాకే.

మొదటిది, ఆ కుటుంబం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకుందాం. ఆమె నోటిమాటగా ఇప్పటికే ఒప్పుకుంది. అయినా కాగితం ఉండాలి. ఇన్నేళ్ళు ఆఫీసుల్లో పనిచేసిన మనకు కాగితం విలువ వేరే చెప్పనక్కర్లేదు.

రెండవది, ఫోటోలు కాకుండా అక్షరాలుగా టైపు చేయిద్దాం. అప్పుడే చూపు తగ్గినవాళ్ళు అక్షరం పెద్దది చేసుకోగలరు, చూపు లేనివాళ్ళకు ఫోనే చదివి వినిపించగలదు. టైపు చేసే అమ్మాయికి పేజీకి ఇంత అని కూలి ఇద్దాం. దేవుడి పని గదా, ఊరికే చేయమని అడగవద్దు. ప్రూఫు మాత్రం మనం చూద్దాం. మనకు కూలి పెన్షన్ రూపంలో నెలనెలా వస్తూనే ఉంది.

మూడవది, మొదటి పేజీలో ఆయన పేరు, రెండవ పేజీలో పాటలు చెప్పిన పల్లెవాళ్ళ పేర్లు, 1998 నాటి ముందుమాట యథాతథంగా ఉండాలి. ప్రతి పేజీ అడుగున పుస్తకం పేరు, ఆయన పేరు చిన్న అక్షరాలతో వేయిద్దాం. ఎవరైనా మొదటి పేజీలు చించినా ఆయన చెరిగిపోడు.

నాలుగవది, అచ్చు ప్రతులు కొన్ని మళ్ళీ వేసి, ఖర్చుకు తగిన వెలకు అమ్ముదాం. ఫోను లేనివాళ్ళు మన జిల్లాలో ఇంకా ఉన్నారు. కసాపురం దారిలో నడుస్తూ చేతిలో పట్టుకొని పాడడానికి పుస్తకమే బాగుంటుంది.

అయిదవది, ఒక చిన్న పుస్తక నిధి పెడదాం. ఇష్టమైనవాళ్ళు ఏడాదికి నూరు రూపాయలు ఇవ్వండి, ఇవ్వలేనివాళ్ళు ఇవ్వవద్దు. ఆ సొమ్ముతో టైపు కూలి, అచ్చు ఖర్చు పోగా మిగిలితే, మన సీమలో చెదలు తింటున్న మరో పుస్తకాన్ని చేపడదాం. ఎలక్ట్రానిక్ ప్రతిని ఒక్కచోటే కాకుండా మూడు చోట్ల దాచి, ఏడాదికొకసారి తెరుచుకుంటున్నదో లేదో చూసే బాధ్యత ఒకరికి అప్పగిద్దాం. నేను ఉన్నంతకాలం ఆ డ్యూటీ నాకు వేయండి. నా తర్వాత ఎవరికి చార్జి అప్పగించాలో కూడా రిజిస్టరులో రాయించండి.

ఈ అయిదింటికీ కలిపి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టి కోశాధికారిగారికి ఇచ్చాను. సంఘం వనభోజనానికి అయ్యే ఖర్చు కంటే తక్కువే. నిధికి నా మొదటి నూరు రూపాయలు ఇదిగో ఈ కవరులో ఉన్నాయి. రసీదు తప్పకుండా ఇవ్వమని మనవి, పాత అలవాటు!

చదివేవాడికి ఉచితం, కష్టపడ్డవాడికి కూలి, రాసినవాడికి పేరు, ఖర్చు భరించే దాత మనం. ఆ తల్లి నన్ను అడిగిన మాటకు ఆనాడు నేను సమాధానం చెప్పలేకపోయాను. ఈ సాయంత్రం మీరందరూ చేతులెత్తి చెబుతారని ఆశిస్తున్నాను.